పది మైక్రాన్ల పొరలో ఒక ఎలక్ట్రాన్: ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

చేయాల్సిన పని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. సైటోక్రోమ్ సి అనే చిన్న ప్రొటీన్‌కు ఒక ఎలక్ట్రాన్ ఇవ్వాలి, ఇచ్చింది తిరిగి లాక్కోవాలి, ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో దాని ఒంట్లో ఏది ఎంత కదిలిందో పరారుణ కాంతితో చూడాలి. వాక్యం రాసినంత సులువుగా పని జరగదని నోటుపుస్తకం మొదటి పేజీలోనే రాసిపెట్టుకున్నాను, తరువాత ఆశ్చర్యపోకుండా ఉండేందుకు.

సైటోక్రోమ్ సినే ఎందుకు పట్టుకున్నానంటే దానిది సాధుస్వభావం. నీటిలో ఇట్టే కరుగుతుంది. చల్లగా ఉంచితే రోజుల తరబడి చెడదు. గుర్రం గుండె నుంచి తీసినది పొడిగా దొరుకుతుంది. 104 అమైనో ఆమ్లాల గొలుసు, పన్నెండున్నర వేల డాల్టన్లకు కాస్త తక్కువ బరువు, మధ్యలో హీమ్ అనే రంగు వలయం ఒకటి, దాని నడుమ ఒక ఇనుప పరమాణువు. మైటోకాండ్రియాలో శ్వాసక్రియ నడిపే ప్రొటీన్ గుంపుల్లో మూడోదాని (మూడో సంక్లిష్టం) దగ్గర ఒక ఎలక్ట్రాన్ ఎత్తుకుని నాలుగో సంక్లిష్టం దగ్గర దించి రావడమే దీని ప్రధానోద్యోగం. నాలుగో సంక్లిష్టం అలా వచ్చినవాటిని నాలుగు పోగుచేసి ఒక ఆక్సిజన్ అణువును నీరుగా మారుస్తుంది. మన ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో అత్యధిక భాగం చేరేది అక్కడికే.

ఎలక్ట్రాన్ లేని రూపాన్ని ఈ డైరీలో ఖాళీ రూపం అంటాను, ఉన్నదాన్ని నిండు రూపం. ఖాళీ రూపం ఇటుక ఛాయలో ఉంటుంది, నిండు రూపం గులాబీ ఎరుపు. ఏది ఏదో కంటికే తెలుస్తుంది. కానీ రంగు చెప్పేది హీమ్ సంగతి ఒక్కటే. చుట్టూ అల్లుకున్న గొలుసు ఆ క్షణంలో ఏమి చేసిందో రంగుకు తెలియదు. అందుకే పరారుణం.

గొలుసులో అమైనో ఆమ్లాలను కలిపే ప్రతి పెప్టైడ్ బంధంలోనూ ఒక కార్బన్-ఆక్సిజన్ జంట ఉంటుంది. ఆ జంట స్ప్రింగులా సాగుతూ ముడుచుకుంటూ 1600 నుంచి 1700 మధ్య కాంతిని మింగుతుంది. (ఇవి తరంగ సంఖ్యలు, సెంటీమీటరుకు ఎన్ని తరంగాలన్న లెక్క. ఇకమీదట ప్రమాణం రాయను.) దీని పేరు అమైడ్-1. ఆ ఆక్సిజన్ ఎవరితో హైడ్రోజన్ బంధం కట్టుకుంది, ఎంత గట్టిగా కట్టుకుంది అన్నదాన్నిబట్టి శిఖరం అటూ ఇటూ జరుగుతుంది. గొలుసు సుడిగా చుట్టుకున్న ఆల్ఫా హెలిక్స్ అయితే 1650 దాటాక కొద్ది దూరంలో, పక్కపక్కన పరుచుకున్న బీటా పొరలైతే 1620 నుంచి 1640 లోపు, మలుపులైతే సాధారణంగా 1660కి పైన. ఆకృతికీ ఈ శిఖరాలకూ సంబంధం ఉందని ఇలియట్, ఆంబ్రోస్ 1950లోనే చూపించారు. పాలింగ్ బృందం ఆల్ఫా హెలిక్స్ నమూనాను ప్రకటించింది 1951లో. అంటే హెలిక్స్ బొమ్మ గీయకముందే దాని నీడ కనబడిందన్నమాట.

మూడో రోజు

ప్రొటీన్ కన్నా ముందు నీటితో పేచీ వచ్చింది. నీటి అణువు వంగే కంపనం 1645 దగ్గర పడుతుంది, సరిగ్గా అమైడ్-1 నడినెత్తిన. కాగితం మీద లెక్క వేశాను. 10 మైక్రాన్ల మందం నీటి పొర అక్కడ సుమారు 1.2 శోషణ ఇస్తుంది, అంటే నూరు పాళ్ల కాంతిలో ఆరు పాళ్లే అవతలికి చేరుతాయి. 50 మైక్రాన్లు పెడితే శోషణ 6. పది లక్షల పాళ్లలో ఒక్కటి. డిటెక్టరుకు అది చీకటితో సమానం.

మరి ప్రొటీన్ వాటా ఎంత? లీటరుకు 5 మిల్లీమోల్ గాఢతలో, అంటే మిల్లీలీటరుకు 62 మిల్లీగ్రాములు కరిగిస్తే, అదే 10 మైక్రాన్లలో అమైడ్-1 సుమారు 0.15 ఇస్తుంది. ఆ 0.15 నూటికి పైగా పెప్టైడ్ బంధాల ఉమ్మడి ఆస్తి. పంచితే ఒక్కో బంధానికి 0.0015.

ఈ చివరి సంఖ్యను చీటీ మీద రాసి యంత్రం పక్కన అంటించాను. ఎలక్ట్రాన్ ఎక్కినప్పుడు ఒకే ఒక్క బంధం చోటు మారితే నాకు కనిపించాల్సింది అంతే. 1.2 నీటి మీద 0.0015. కొండను తవ్వి ఎలుకను పట్టారని వెక్కిరిస్తారు గానీ, ఇక్కడ కావలసింది ఎలుకే.

భారజలం (హైడ్రోజన్ చోట దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీరు) వాడితే వంగే కంపనం 1210 దగ్గరకు దిగిపోతుంది, అమైడ్-1కు దారి ఖాళీ అవుతుంది. చాలామంది మొదట ఆ దారినే పడతారు. నేను దాన్ని చివరకు ఉంచుకున్నాను. మామూలు నీటిలో శుభ్రమైన కొలత చేతికి రాకముందే హైడ్రోజన్‌లన్నింటినీ మార్చేస్తే, తరువాత ఏది ఎందుకు జరిగిందో విడదీయలేను.

నమూనా పొరను మధ్యలో పట్టి ఉంచే సెల్‌కు కిటికీల విషయం త్వరగా తేలిపోయింది. ఉప్పు కిటికీలు నీటిలో కరిగిపోతాయి, కాబట్టి కాల్షియం ఫ్లోరైడ్. ఇది 1000 దిగువన కాంతిని ఆపేస్తుంది, నాకు కావలసినవన్నీ దానికి పైనే. పైగా దృశ్యకాంతి కూడా దీని గుండా పోతుంది, అది ముందుముందు అక్కరకొస్తుంది. పెళుసు మాత్రం నిజమే. మరలు బిగించేటప్పుడు ఒకదాని తరువాత ఎదురుగా ఉన్నదాన్ని, పావు చుట్టు చొప్పున బిగించాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఒక కిటికీ చెప్పింది.

ఐదో రోజు

ఈ రోజు ఎలక్ట్రాన్ల జోలికి పోలేదు. ఖాళీ రూపం వర్ణపటం ఒకటి, వట్టి బఫర్ (ప్రొటీన్‌ను కరిగించిన ద్రావణం) వర్ణపటం ఒకటి తీసి, మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసివేశాను. తీసివేయగానే అసహ్యమైన గీత వచ్చింది. 2125 దగ్గర గుంట, అమైడ్-1 ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

గంటసేపు సెల్‌ను అనుమానించాను. తప్పు గుణకానిది. బఫర్‌ను 1.00తో హెచ్చవేసి తీసివేశాను, కానీ ప్రొటీన్ కూర్చున్న చోట నీరు ఉండదు కదా. గ్రాము ప్రొటీన్ సుమారు 0.73 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మిల్లీలీటరుకు 62 మిల్లీగ్రాములంటే నాలుగున్నర శాతం నీరు పక్కకు జరిగింది. గుణకం 0.955 ఉండాలి. పెట్టి చూశాను, 2125 దగ్గర గీత చదునైంది. అక్కడ నీటికి మాత్రమే ఒక వెడల్పాటి శిఖరం ఉంటుంది, ప్రొటీన్‌కు చెప్పుకోదగింది ఏదీ ఉండదు. అందుకే తీసివేత కుదిరిందా లేదా అన్న ప్రశ్నకు సాక్షి 2125. అమైడ్-1 ఆకారాన్ని చూసి ‘ఇప్పుడు బాగుంది’ అని గుణకం ఎంచుకోవడం మోసం. మనకు కావలసిన జవాబును మనమే రాసుకోవడం.

శిఖరం 1655 దగ్గర నిలిచింది. అమైడ్-2 (అదే పెప్టైడ్ బంధంలో నత్రజని-హైడ్రోజన్ జంట ఊగే కంపనం) కూడా 1550 దగ్గర తన చోటనే ఉంది. హెలిక్స్‌లు ఎక్కువగా ఉన్న ప్రొటీన్‌కు ఇలాగే రావాలి.

అమైడ్-1 కింద ఎన్ని శిఖరాలు దాగున్నాయో విడదీయడానికి ద్వితీయ అవకలనం తీసే పద్ధతి 1980ల నుంచి అందరూ వాడుతున్నదే. దాని తరువాత గంట ఆకారపు గాసియన్ వక్రాలు పేర్చి ‘హెలిక్స్ ఇంత శాతం’ అని దశాంశాలతో చెప్పడం ఇంకో అలవాటు. ఈ రెండోదాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఎనిమిది గాసియన్లు చేతికిస్తే ఏ కొండ ఆకారాన్నైనా పేర్చవచ్చు. పేర్చగలిగామన్నది సాక్ష్యం కాదు.

ఎనిమిదో రోజు

ఈ పేజీ చింపేద్దామనుకున్నాను. ఉంచుతున్నాను.

నిన్న రాత్రి ద్వితీయ అవకలనంలో పదకొండు సన్నని శిఖరాలు వచ్చాయి. ఎంత సన్నగా, ఎంత స్పష్టంగా ఉన్నాయంటే ఒక్కొక్కదానికీ పేరు పెట్టేశాను. 1653 హెలిక్స్. 1684 మలుపు. 1717, 1734 ప్రోటాన్ ఎక్కిన ఆమ్ల సమూహాలు. పొద్దున్నే ప్రింటు తీసి మేడమ్ ముందు పెట్టాను.

ఆమె శిఖరాల వంక చూడలేదు. కాగితాన్ని ఎడమ పక్కకు జరిపి 1750కి పైనున్న భాగాన్ని వేలితో చూపించారు.

“ఇక్కడ ప్రొటీన్‌కు పనేమీ లేదు కదండీ. మరి ఈ రంపపు పళ్లు ఎవరివి?”

నేను మాట్లాడలేదు.

“మూత తీసి సెల్ పెట్టాక పొడిగాలి ఎంతసేపు వదిలారు?”

“పది నిమిషాలు, మేడమ్.”

“మూత తీసినప్పుడు పెట్టె మీదకు వంగి ఊపిరి వదిలి ఉంటారు. అదే ఇది.”

ఖాళీ పెట్టెలో కావాలనే ఊపిరి వదిలి వర్ణపటం తీశాను. నా పదకొండు శిఖరాల్లో ఎనిమిది నీటి ఆవిరి గీతలమీద అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి. 1653, 1684, 1717, 1734, అన్నీ ఆవిరివే. నీటి ఆవిరికి 1300 నుంచి దాదాపు 2000 దాకా సన్నని గీతలు దట్టంగా ఉంటాయి. ద్వితీయ అవకలనం సన్నవాటిని పెంచి చూపిస్తుంది, వెడల్పువాటిని అణచేస్తుంది. అంటే నా ప్రొటీన్‌ను అణచి నా ఊపిరిని పెంచి చూపించింది.

ఇప్పటినుంచి నియమం: మూత తీశాక నలభై నిమిషాలు ముట్టుకోను. ప్రతి ఫలితంలోనూ మొదట 1750 నుంచి 1850 దాకా చూస్తాను. అక్కడ గీత చదునుగా లేకపోతే మిగతా భాగం చదవను, ఎంత అందంగా ఉన్నా సరే.

పన్నెండో రోజు

ఎలక్ట్రాన్ ఇచ్చే మార్గం దగ్గరకు వచ్చాం. రసాయనం వేసి ఇవ్వవచ్చు, ఆస్కార్బిక్ ఆమ్లం చాలు. కానీ అప్పుడు ఆ రసాయనం కూడా వర్ణపటంలోకి వచ్చి కూర్చుంటుంది. పైగా ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి ఇంకో రసాయనం వేయాలి. 1990లో మాస్, నాబెద్రిక్, బ్రెటన్, మాంటెలె వాడిన ఉపాయం మేలు: రెండు కిటికీల మధ్య ప్రొటీన్ పొరలోనే సన్నని బంగారు జాలిక పెట్టి దాన్ని ఎలక్ట్రోడ్‌గా వాడటం. కాంతి జాలిక కన్నాల్లోంచి వెళ్తుంది, ఎలక్ట్రాన్లు జాలిక తీగల్లోంచి వస్తాయి. వాళ్లు ఆ సెల్‌ను పరీక్షించింది కూడా సైటోక్రోమ్ సితోనే. నాకది ధైర్యం.

నమూనా ఐదారు మైక్రోలీటర్లు. చిన్న చుక్క. కిటికీ మీద వేసి రెండో కిటికీ దించితే అది జాలిక కళ్లలోకి పాకుతూ పోవడం భూతద్దంలో కనిపిస్తుంది. ఎక్కడైనా గాలి బుడగ చిక్కితే విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ రోజు మూడుసార్లు విప్పాను.

నాలుగోసారి బుడగ లేదు. వోల్టేజి పెట్టాను. సెల్‌ను దృశ్యకాంతి యంత్రంలోకి మార్చి 550 నానోమీటర్ల దగ్గర చూశాను. నిండు రూపానికి అక్కడ పదునైన శిఖరం రావాలి, ఈ మందంలో 0.15 దాకా. ఇరవై నిమిషాలైనా రాలేదు.

బంగారానికి ఎలక్ట్రాన్లు లేకకాదు. వట్టి బంగారం మీద ఈ ప్రొటీన్ అడ్డదిడ్డంగా అతుక్కుని పాడైపోతుంది, ఆ పాడైన పొర తరువాత వచ్చేవాటికి గోడలా అడ్డుపడుతుంది. 1977లో ఎడోస్, హిల్ దీనికి దారి చూపారు: ద్రావణంలో 4,4′-బైపిరిడైల్ ఉంటే బంగారం మీద సైటోక్రోమ్ సి సాఫీగా స్పందిస్తుంది. నేను దాని బంధువు డైథయోడైపిరిడిన్‌ను ఎంచుకున్నాను, గంధకం ఉన్నది కాబట్టి బంగారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. జాలికను ఆ ద్రావణంలో ముంచి ఇంటికి వెళ్లిపోయాను.

పదమూడో రోజు

పొద్దున జాలికను కడిగి సెల్ బిగించాను. ఈసారి 550 శిఖరం కళ్ల ముందే లేచింది. రెండు నిమిషాల్లో సగం, నాలుగు నిమిషాలకు ఆగింది. వోల్టేజి తిప్పాను, అదే వేగంతో కుంగిపోయింది. మళ్లీ తిప్పాను, మళ్లీ లేచింది. పనేమీ లేకపోయినా ఇంకో రెండుసార్లు తిప్పాను.

ఇంకో పరీక్ష కూడా చేశాను. మెథియోనిన్-80 (గొలుసులో 80వ అమైనో ఆమ్లం) లోని గంధకం ఇనుమును పట్టుకుని ఉంటే ఖాళీ రూపానికి 695 దగ్గర ఒక బలహీనమైన పట్టీ ఉంటుంది. పీహెచ్ తొమ్మిది దాటితే ఆ గంధకం చేయి వదిలేస్తుంది, దాని చోటులోకి లైసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం వచ్చి కూర్చుంటుంది. ప్రొటీన్ బయటికి మామూలుగానే కనిపిస్తుంది గానీ లోపల వేరే మనిషి. సెల్‌లో కొలవడానికి పట్టీ మరీ బలహీనం కాబట్టి, సెల్‌లో వేయని మిగతా ద్రావణాన్ని సెంటీమీటరు గాజుపాత్రలో చూశాను. పట్టీ ఉంది.

పదిహేనో రోజు

చిన్న సంఖ్య ఒకటి రెండు రోజులు మింగేసింది.

సైటోక్రోమ్ సి మధ్యబిందువు, అంటే సగం అణువులు నిండి సగం ఖాళీగా ఉండే వోల్టేజి, సుమారు +260 మిల్లీవోల్టులు. అంతకన్నా దిగువన పెడితే నిండుతుంది, ఎగువన పెడితే ఖాళీ అవుతుంది. +100 పెట్టాను, 260కి చాలా దిగువ కాబట్టి నిండిపోవాలి. నిండలేదు. 550 శిఖరం అరకొరగా లేచి ఆగిపోయింది. ప్రొటీన్ పాడైందనుకుని కొత్తది కరిగించాను. అదీ అంతే.

+260 అనేది ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి చెప్పిన సంఖ్య. నా సెల్‌లో ఉన్నది సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్, అది హైడ్రోజన్ కన్నా సుమారు 208 ఎత్తున ఉంటుంది. నేను +100 అనుకున్నది నిజానికి +308. నింపుతున్నాననుకుంటూ ఖాళీ చేస్తున్నాను! నెర్న్‌స్ట్ లెక్క ప్రకారం 59 మిల్లీవోల్టులకు పది రెట్ల తేడా, కాబట్టి మధ్యబిందువుకు 48 ఎగువన ఏడెనిమిది అణువుల్లో ఒక్కటే నిండి ఉంటుంది. నాకు వచ్చిన అరకొర శిఖరం సరిగ్గా అంతే. ప్రొటీన్ రెండు రోజులూ నిజమే చెబుతూ వచ్చింది.

ఇక నింపడానికి −200, ఖాళీ చేయడానికి +300, రెండూ సిల్వర్ క్లోరైడ్ లెక్కలోనే. ఈ వాక్యాన్ని కూడా 0.0015 చీటీ కింద అంటించాను.

పద్దెనిమిదో రోజు

మొదటి తేడా వర్ణపటం. ఖాళీ రూపంలో ఒకటి తీసి, నింపి ఇంకొకటి తీసి, రెండోదానిలోంచి మొదటిదాన్ని తీసివేయడం. ప్రొటీన్‌లో కదలనిదంతా కొట్టేసుకుపోతుంది, కదిలింది మిగులుతుంది. సెల్‌ను ముట్టుకోం, మూత తీయం, మారేది వోల్టేజి ఒక్కటే. పద్ధతి బలమంతా ఇక్కడే ఉంది.

మిగిలింది మాత్రం ఒక లావుపాటి గుట్ట, 1645 దగ్గర, ఎత్తు 0.004. నా చీటీ మీది సంఖ్యకు రెండున్నర రెట్లు. ఎనిమిదో రోజు నాటి నేనైతే దీనికి పేరు పెట్టేవాణ్ని.

ఈసారి తిరుగు ప్రయాణం కూడా తీశాను. నింపినప్పుడు వచ్చిన తేడాకూ, ఖాళీ చేసినప్పుడు వచ్చిన తేడాకూ మొత్తం కడితే సున్నా రావాలి. ఎలక్ట్రాన్ ఎక్కినప్పుడు లేచినది ఏదైనా, దిగినప్పుడు అంతే కుంగి తీరాలి. రెండూ కలిపి చూశాను. గుట్ట పోలేదు, రెట్టింపైంది. అంటే దానికి ఎలక్ట్రాన్‌తో సంబంధం లేదు, గడియారంతోనే సంబంధం. సెల్ నెమ్మదిగా వేడెక్కుతోంది. వేడెక్కిన నీటి శిఖరం కాస్త జరుగుతుంది, 1.2 ఎత్తున్నది వెంట్రుకవాసి జరిగినా నా సంఖ్యల్లో అది కొండే.

కానీ గుట్ట మీద చిన్నచిన్న పళ్లు కొన్ని ఉన్నాయి, 1670 దగ్గరొకటి, 1690 దగ్గరొకటి. కూడినప్పుడు అవి మాయమయ్యాయి. గుట్ట మిగలడం కన్నా అవి మాయమవడమే నాకు ఎక్కువ సంతోషం కలిగించింది.

ఇరవై రెండో రోజు

సెల్ పట్టీ గుండా 10 డిగ్రీల నీరు తిరిగేలా గొట్టాలు బిగించాను. ఒకేసారి గంటసేపు కొలవడం మానేసి కొద్దికొద్దిగా తిప్పుతూ పోయే పద్ధతి పట్టాను: వోల్టేజి మార్చు, నాలుగు నిమిషాలు ఆగు, 256 స్కాన్‌లు తీయి, వెనక్కి తిప్పు. ఇలా నలభై చుట్లు. నెమ్మదిగా జారే తప్పు ప్రతి చుట్టులోనూ కొంచెమే ఉంటుంది, రాకపోకల సగటులో దాదాపు చెల్లిపోతుంది. రొద వర్గమూలం లెక్కన తగ్గుతుంది, నలభై చుట్లకు ఆరు రెట్ల పైచిలుకు.

నలభై చుట్లకు ఏడు గంటలు పడుతుంది. డిటెక్టరును చల్లబరిచే ద్రవ నైట్రోజన్ మొదటి రాత్రి ముప్పై ఒకటో చుట్టులో అయిపోయింది. మిగతా తొమ్మిది చుట్లూ చూపులేని డిటెక్టరుతో శ్రద్ధగా నమోదయ్యాయి. రెండో రాత్రి మధ్యలో వచ్చి నింపాను.

ఈ తిప్పుడు పనిలో డేవిడ్ కీలిన్ గుర్తొచ్చాడు. చేతి స్పెక్ట్రోస్కోపుతో ఈస్ట్ ద్రావణాన్ని చూస్తూ, గాలి తగిలేలా కుదిపితే నల్లని పట్టీలు చెరిగిపోవడం, కాసేపు వదిలేస్తే తిరిగి రావడం గమనించాడు. సైటోక్రోమ్ అనే పేరు ఆయన 1925లో పెట్టిందే. అంతకు నాలుగు దశాబ్దాల ముందే మాక్‌మన్ ఆ పట్టీలు చూశాడు, ఎవరూ నమ్మలేదు. కుదిపితే పోతున్నాయి, వదిలితే వస్తున్నాయి అని కీలిన్ చూపించాక కాదనడం కష్టమైంది.

ఇరవై ఆరో రోజు

రాకపోకల వర్ణపటాలు రెండూ ఒక కాగితం మీద ముద్రించి, మధ్య గీత దగ్గర మడిచి కిటికీ వెలుగుకు పట్టాను. ఒకదాని కొండలు రెండోదాని లోయల్లో అమరిపోయాయి. 1645 గుట్ట లేదు. 1750కి పైన చదును.

ద్రావణంలో 100 మైక్రోమోలార్ ఫెర్రోసయనైడ్ కూడా కలిపాను, ఎలక్ట్రాన్లను జాలిక నుంచి ప్రొటీన్‌కు చేరవేసే మధ్యవర్తిగా. అది తన జెండా తానే ఎగరేస్తుంది: నిండినప్పుడు 2040 దగ్గర శిఖరం, ఖాళీ అయినప్పుడు 2115 దగ్గర. ప్రొటీన్ శిఖరాలకు ఎంతో దూరం. పొర అంతటికీ వోల్టేజి అందిందా అన్న సందేహానికి ఇక దృశ్యకాంతి యంత్రానికి పరుగెత్తనక్కరలేదు.

ఇక అసలు ఫలితం. అమైడ్-1లో ఉన్న తేడాలు కొన్నే. అతిపెద్దది కూడా నా చీటీ మీది 0.0015 దాటలేదు. నూటికి పైగా పెప్టైడ్ బంధాల్లో కదిలినట్టు తోచేవి వేళ్లమీద లెక్కించేటన్ని. హెలిక్స్ ఏదీ విప్పుకోలేదు, కొత్త మడత పడలేదు. స్ఫటికాల ఎక్స్-రే చిత్రాలు కూడా ఇదే అంటాయి: రెండు రూపాలూ దాదాపు ఒకటే, హీమ్ చుట్టూ కొద్ది సర్దుబాటు, లోపల చిక్కుకున్న ఒక నీటి అణువు ఒకటి రెండు ఆంగ్‌స్ట్రామ్‌లు పక్కకు జరుగుతుంది.

మొదట ఇది నిరాశగా తోచింది. ఇరవై ఆరు రోజుల శ్రమకు ‘పెద్దగా ఏమీ కదల్లేదు’ అన్న జవాబు! కానీ ఎలక్ట్రాన్ దూకే వేగాన్ని వివరించే మార్కస్ సిద్ధాంతంతో కలిపి చూస్తే కదలకపోవడంలోనే దీని పనితనం ఉంది. ఎలక్ట్రాన్ ఒక చోటు నుంచి ఇంకో చోటుకు దూకాలంటే రెండు వైపులా పరమాణువులు కొత్త అమరికకు సర్దుకోవాలి. ఆ సర్దుబాటుకు ఎంత శక్తి కావాలంటే దూకడం మామూలుగా అంత నిదానం. రోజంతా ఎక్కించుకోవడం, దించడమే పనిగా పెట్టుకున్న ప్రొటీన్ ప్రతిసారీ ఒళ్లు విరుచుకుంటే ఎలా? 104 అమైనో ఆమ్లాలు హీమ్ చుట్టూ బిగుసుకుని కూర్చున్నది అందుకే.

1700 నుంచి 1760 మధ్య కూడా ఏమీ లేదు. ప్రోటాన్ ఎక్కిన ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలు కనిపించాల్సిన చోటు అది. సైటోక్రోమ్ ఆక్సిడేజ్ (మొదటి రోజు చెప్పిన నాలుగో సంక్లిష్టం) మీద ఇదే ప్రయోగం చేసినవాళ్లకు 1740 చుట్టుపక్కల ఒక గ్లుటామిక్ ఆమ్లం కదలిక దొరికింది. అది ఎలక్ట్రాన్లతోపాటు ప్రోటాన్లనూ నడిపించే యంత్రం కదా. మాది కేవలం మోతగాడు.

ముప్పయ్యో రోజు

భారజలం వంతు. పొడిని భారజలంలో కరిగించి, ఎండగట్టి, మళ్లీ కరిగించాను. పీహెచ్ మీటరు చూపిన సంఖ్యకు 0.4 కలపాలి, ఈ ఒక్క సవరణ ఈసారి మరచిపోలేదు. నత్రజని మీది హైడ్రోజన్ డ్యుటీరియంగా మారితే అమైడ్-2 శిఖరం 1550 నుంచి 1450కి దిగుతుంది. 1450ని నమ్మలేం, గాలిలోని తేమ కలిసి ఏర్పడే సగం-భారజలం కూడా అక్కడే పడుతుంది. 1550 ఎంత తరిగిందన్నదే చూడాలి.

తరిగింది, కానీ పూర్తిగా పోలేదు. చిన్న గుట్ట మిగిలింది. నీరు చొరలేని లోపలి భాగంలో మారని బంధాలవి.

తేడా వర్ణపటంలో పళ్లు చాలావరకు నాలుగైదు సంఖ్యలు దిగువకు జరిగాయి. 1690 దగ్గరది జరగలేదు. ఇది రెండు రకాలుగా కావచ్చు: ఆ పన్ను మారని లోపలి బంధానిది, లేదా దానికి నత్రజని మీది హైడ్రోజన్‌తో పొత్తే లేదు. మేడమ్‌కు చూపిస్తే, “మారని గుట్టను కరిగించి చూడండి. అప్పుడు ఆ పన్ను కూడా జరిగితే మొదటిది, జరగకపోతే రెండోది,” అన్నారు.

ఖాళీ రూపంలో హైడ్రోజన్ మార్పిడి నిండు రూపంలో కన్నా వేగం. కాబట్టి భారజలంలోని నమూనాను ఖాళీ రూపంలోనే ఉంచి, మూత బిగించి, 45 డిగ్రీల నీటిలో పెట్టాను. ఇంత వేడికి ఇది విప్పుకోదు. ఇప్పుడు రాత్రి పదకొండు. గంటకోసారి ఒక చుక్క తీసి 1550 చూస్తున్నాను, మూడు చుక్కలయ్యాయి. గుట్ట మొదటి ఎత్తులో మూడో వంతు తగ్గింది. నైట్రోజన్ డబ్బా నిండుగా ఉంది.